సభలో లేచి మాట్లాడటం: శిక్షణ ఎక్కడ, ఎలా? (సంఘం సభ్యుల కోసం)

ఈ పాఠంలో కొత్త పథకం ఏమీ లేదు. ఉన్న పథకాలు మన గడప దాకా రాకుండా మధ్యలో ఆగిపోవడానికి ఒక కారణం ఉంది. ఏ జీవోలోనూ అది రాసి ఉండదు. నలుగురి ముందు లేచి మాట్లాడాలంటే మనకున్న భయం గురించి, ఆ భయం తగ్గించే శిక్షణ గురించి ఇందులో చెప్పుకుందాం.

గ్రామసభ జరుగుతోంది అనుకోండి. మీ వీధి కాలువ పూడిపోయి ఆరు నెలలైంది. వానొస్తే నీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయి. ముందురోజు రాత్రి అరుగు మీద కూర్చుని మీరే ఈ సంగతి గంటసేపు చెప్పారు, ఒక్క మాట తడబడలేదు. సభలో పంచాయతీ సెక్రటరీ గారు "ఇంకెవరైనా చెప్పేది ఉందా అమ్మా?" అని మైకు మీ వైపు చాపారు. పక్కనున్న వదిన మోచేత్తో పొడిచింది. మీరు లేచారు. గొంతు తడారిపోయింది. "మా వీధిలో... ఏం లేదులెండి సార్" అని కూర్చున్నారు.

సభ అయిపోయింది. తీర్మానాల పుస్తకంలో పై వీధి సీసీ రోడ్డు ఎక్కింది. మీ కాలువ ఎక్కలేదు. పై వీధి వాళ్ల కష్టం మీ కష్టం కన్నా పెద్దదని కాదు. వాళ్లలో ఒకరు లేచి చెప్పారు, సెక్రటరీ గారు రాసుకున్నారు, అంతే. పుస్తకంలో లేని పనికి అంచనా వేయరు, నిధులు అడగరు. మీరు మళ్లీ వచ్చే సభ దాకా ఆగాలి. ఈలోపు ఒక వానాకాలం గడిచిపోతుంది.

ఊళ్లో ఓటు ఉన్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. అక్కడ మాట్లాడటం మనకు ఎవరో ఇచ్చే అవకాశం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. మన పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకే రిజర్వు చేశారు. ఇప్పుడు కింద కూర్చున్న మీరే రేపు వేదిక మీద కూర్చోవాల్సి రావచ్చు.

భయం ఎందుకు వేస్తుంది?

"నాకు చదువు లేదు, అందుకే భయం" అని చాలామంది అంటారు. ఇది సగం కూడా నిజం కాదు. డిగ్రీ చదివిన పిల్లలు ఇంటర్వ్యూ గది బయట చెమటలు కక్కుతారు. ఏళ్ల తరబడి ఉద్యోగం చేసిన వాళ్లు కూడా పదవీ విరమణ సన్మానంలో రెండు మాటలు చెప్పలేక కాగితం చూసి చదువుతారు.

చేలో పాము ఎదురైతే ఒంట్లో ఏం జరుగుతుందో మైకు ఎదురైనా అదే జరుగుతుంది. అడ్రినలిన్ అనే రసాయనం రక్తంలోకి వస్తుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది, చేతులు వణుకుతాయి, నోరు ఎండుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. పారిపోవడానికో ఎదిరించడానికో ఒళ్లు సిద్ధమవుతోందన్న మాట. అక్కడ పామూ లేదు, పారిపోవాల్సిన పనీ లేదు. కానీ ఆ సంగతి ఒంటికి తెలియదు. చాలాసార్లు లేచి మాట్లాడి, ఏమీ కాలేదని చూశాకే తెలుస్తుంది. మాట్లాడే శిక్షణ అంతా నిలబడేది ఈ ఒక్క సంగతి మీదే. భయం పూర్తిగా పోదు. మాట ఆగిపోయేంత భయం కాస్తా, మాట వచ్చేంత భయంగా తగ్గుతుంది.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి. రోజంతా కుర్చీలో కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు వేసి, "ధైర్యంగా ఉండండి" అని చెప్పి పంపే శిక్షణ వల్ల భోజనం తప్ప పెద్దగా ఏమీ మిగలదు. ఈత గురించి పాఠం విన్నంత మాత్రాన ఈత వస్తుందా? శిక్షణకు పేరు ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడగండి: "ఇందులో మమ్మల్ని రోజూ లేపి మాట్లాడిస్తారా?" అవునంటేనే వెళ్లండి.

మన దగ్గర ఇది కొత్త కాదు

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీరు వినే ఉంటారు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా రాత్రి బడులు నడిచాయి. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు దీపం ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. పాఠం చదివాక దాని గురించి మాట్లాడుకునేవారు. సారా వల్ల ఒక ఇల్లు ఎలా నాశనమైందో చెప్పే పాఠం వచ్చినప్పుడు మాట్లాడటానికి వాళ్లకి వేరే ఉదాహరణ అక్కర్లేకపోయింది. మొదట ఆ చిన్న గుంపులో, తర్వాత ఊళ్లో, తర్వాత అధికారుల ముందు మాట్లాడారు. దూబగుంట రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. వాళ్లలో ఎవరూ ఉపన్యాసం నేర్చుకోవడానికి బడికి వెళ్లలేదు. రోజూ పదిమందిలో కూర్చుని ఒక విషయం మీద మాట్లాడటం అలవాటైంది, ఆ అలవాటే పనిచేసింది.

సెర్ప్ మొదలైన తర్వాత మన సంఘాల్లో పనిచేసిన అక్కలు సీఆర్పీలుగా బీహార్ లాంటి రాష్ట్రాల పల్లెలకు వెళ్లారు. తెలియని ఊళ్లో, తెలియని వాళ్ల ఇంటి ముంగిట్లో కూర్చుని సంఘం అంటే ఏమిటో చెప్పి కొత్త సంఘాలు పెట్టించారు. వాళ్లు కూడా మొదట తమ సంఘం మీటింగులో పొదుపు లెక్క చదవడానికి తడబడిన వాళ్లే.

శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

మొదటి చోటు మన సమాఖ్యే. గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య పదాధికారులకు నాయకత్వం మీద, సమావేశం నడపడం మీద శిక్షణలు ఇస్తారు. సంఘం లీడర్లకే కదా అని మిగతావాళ్లు పట్టించుకోరు. లీడరు పదవి మారుతూ ఉండాలన్నది సంఘం నియమం. పదేళ్లుగా ఒకే అక్క మాట్లాడుతుంటే మిగతా తొమ్మిది మందికి మాట్లాడాల్సిన పనే పడదు. ఈసారి శిక్షణకు మీ పేరు రాయమని వీవోఏకి చెప్పండి.

రెండోది ఆర్‌సెటి. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ అంటారు, బ్యాంకులు నడుపుతాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటి అనే సంస్థను చూసి దేశమంతా ఇవి పెట్టారు. కుట్టుపని, బ్యూటీ పార్లరు, పాడి, పుట్టగొడుగులు, సెల్‌ఫోన్ రిపేరు లాంటివి నేర్పుతారు. ఫీజు లేదు, భోజనం, వసతి కూడా ఉచితమే. మాట్లాడటం నేర్పే సంస్థ కాదు కదా, దీని గురించి ఇక్కడ ఎందుకు అంటారేమో. అక్కడ మొదటి రోజు కుట్టుమిషను ముట్టుకోనివ్వరు. 'మైక్రో ల్యాబ్' అనే పరిచయాల కార్యక్రమం పెడతారు. తెలియని వాళ్లతో కలిసి, వాళ్ల గురించి తెలుసుకుని, అందరి ముందూ మాట్లాడాలి. తర్వాత కళ్లకు గంతలు కట్టి దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చే ఆట ఉంటుంది. పక్కవాళ్లు మాటలతో దారి చెప్పాలి. ఆట అయ్యాక ఏం జరిగిందో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని "నా వ్యాపారానికి ఇంత కావాలి, ఇలా తీరుస్తాను" అని చెప్పగలగడం కూడా ఆ శిక్షణలో భాగమే. కోర్సు అయ్యాక సుమారు రెండేళ్ల పాటు వాళ్లు మీ వ్యాపారం ఎలా నడుస్తోందో కనుక్కుంటూ ఉంటారు. 18 ఏళ్లు నిండి ఉండాలి. పై వయసు ఎంత వరకు తీసుకుంటున్నారో మీరు చేరే బ్యాచ్‌కి ముందే అడగండి.

మూడోది మీ ఇంట్లో పిల్లల కోసం. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014లో మొదలైంది. గ్రామీణ పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్ల లోపు యువతకి ఉచితం. ఆడవాళ్లకి 45 ఏళ్ల వరకు వెసులుబాటు ఉంది. ఏ ట్రేడు తీసుకున్నా దాంతోపాటు మాట్లాడే తీరు, ఇంటర్వ్యూకి తయారవడం, కొద్దిగా ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పుతారు. మన పిల్లలు పని రాక వెనకబడటం కన్నా, వచ్చిన పని చెప్పుకోలేక వెనకబడటం ఎక్కువ. శిక్షణలో ఉండగా ఉత్తుత్తి ఇంటర్వ్యూలు ఎన్ని పెడితే అన్నీ చేయమనండి.

వీటికి పేరు ఇవ్వాలంటే వీవోఏని గానీ, మండల సమాఖ్య ఆఫీసులో ఏపీఎం గారిని గానీ కలవండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, ఫొటోలు వెంట ఉంచుకోండి. ఈ మూడు చోట్లా శిక్షణకు డబ్బు కట్టాల్సిన పని లేదు. "సీటు రాయిస్తాను, వెయ్యి ఇవ్వు" అని ఎవరైనా అంటే ఇవ్వకండి, ఆ మాట సమాఖ్య మీటింగులో చెప్పండి.

డబ్బు కట్టి నేర్చుకునే చోట్లు కూడా పట్టణాల్లో ఉన్నాయి. టోస్ట్‌మాస్టర్స్ అనే క్లబ్బులు 1924లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టాయి, ఇప్పుడు మన నగరాల్లోనూ నడుస్తున్నాయి. వాటిలో చేరమని చెప్పడం లేదు. వాళ్ల పద్ధతి మాత్రం మన సంఘానికి బాగా పనికొస్తుంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు టైము చూస్తారు. సమయం దగ్గర పడుతుంటే పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వరసగా చూపిస్తారు. వేరొకరు "అ...", "ఊ..." లాంటి సాగతీతలు లెక్కపెడతారు. చివర్లో ఒకరు ఏది బాగుంది, ఏది సర్దుకోవాలి అని చెబుతారు. ఇందులో ఖర్చయ్యేది ఏముంది?

సంఘం మీటింగులోనే మొదలుపెట్టండి

పొదుపు కట్టడం, అప్పు కిస్తీలు, పుస్తకం రాయడం అయ్యాక పది నిమిషాలు ఉంచుకోండి. రోజుకి ముగ్గురు చాలు. ఒక్కొక్కరికి ఒక నిమిషం, ఫోన్‌లో టైము పెట్టండి. తప్పనిసరిగా లేచి నిలబడాలి, కూర్చుని మాట్లాడితే లెక్కలోకి రాదు.

మొదటి వారం పెద్ద విషయాలు వద్దు. ఈరోజు పొద్దున్న లేచినప్పటి నుంచి ఏం చేశారో చెప్పండి. లేదా గోంగూర పచ్చడి ఎలా పెడతారో చెప్పండి. తెలిసిన సంగతి కాబట్టి మాట కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు, నిలబడటం ఒక్కటే అలవాటవుతుంది. రెండు మూడు వారాలయ్యాక సంఘం లెక్క చెప్పండి: ఈ నెల పొదుపు ఎంత, అప్పులో ఎంత ఉంది, ఎవరిది బాకీ. ఆ తర్వాత వీధి సమస్య. ఆ పైన గ్రామ సమాఖ్యలో ఒక నిమిషం. గ్రామసభ ఆఖరి మెట్టు. మొదటి రోజే గ్రామసభలో మైకు పట్టుకుంటానని వెళ్లి, తడబడి, ఇక జన్మలో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న వాళ్లని చూశాం. ఒక్కో మెట్టు ఎక్కితే ఆ ఒట్టు అవసరం రాదు.

వింటున్న వాళ్లకు కూడా ఒక నియమం ఉంది. నవ్వకూడదు. మధ్యలో మాట అందించకూడదు. మాట ఆగిపోతే పది లెక్కపెట్టేంత సేపు ఊరుకోండి, చాలాసార్లు మాట దానంతట అదే వస్తుంది. అయ్యాక మొదట బాగున్నది ఒకటి చెప్పి, తర్వాత మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పండి. ఐదు తప్పులు ఒకేసారి చెబితే ఆ అక్క వచ్చే వారం మీటింగుకే రాదు.

ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంటికి వెళ్లి వినండి. మొదటిసారి మన గొంతు మనకే వింతగా ఉంటుంది, అది అందరికీ అంతే. "అంటే... అంటే..." అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టండి. పోయిన వారం పన్నెండు, ఈ వారం ఏడు. ఎంత నేర్చుకున్నారో ఆ లెక్కే చెబుతుంది.

రెండు నిమిషాల్లో అర్జీ

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు మీ వెనక పెద్ద లైను ఉంటుంది. అధికారి ముందు మీకు దొరికేది రెండు నిమిషాలు, ఒక్కోసారి అంత కూడా ఉండదు. మనలో చాలామంది ఆ రెండు నిమిషాలూ "అయ్యా, మేం పేదోళ్లం, మీరే దిక్కు" అనడానికే వాడేస్తాం. సారు తల ఊపుతారు, కాగితం కింద పెడతారు, పిలుపు తర్వాతి వాళ్లకి వెళ్తుంది.

నాలుగు సంగతులు ఈ వరసలో చెప్పండి: ఎవరు, ఏం జరిగింది, ఇప్పటిదాకా ఏం చేశారు, ఇప్పుడు ఏం కావాలి. ఇలా ఉంటుంది:

"నమస్కారం సార్. నాది ఫలానా మండలం ఫలానా గ్రామం, నా పేరు ఫలానా. మా ఆయన చనిపోయి తొమ్మిది నెలలైంది, వితంతు పింఛనుకు జనవరిలో దరఖాస్తు ఇచ్చాను. సచివాలయానికి మూడుసార్లు వెళ్లాను, పెండింగ్‌లో ఉందంటున్నారు, కారణం చెప్పడం లేదు. నా దరఖాస్తు ఎక్కడ ఆగిందో చూసి, ఎప్పటికి వస్తుందో నాకు రాతపూర్వకంగా చెప్పించండి సార్."

ఇది నింపాదిగా చెప్పినా అర నిమిషం పట్టదు. మిగతా సమయం ఆయన అడిగే ప్రశ్నలకు ఉంటుంది. చివరి వాక్యం చూడండి: న్యాయం చేయండి అని అడగలేదు, ఒక పని అడిగింది. అధికారి కింద వాళ్లకి పురమాయించగలిగేది అలాంటి పనే. ఇంట్లో ఇదే మాటను మీ సంగతితో పదిసార్లు పైకి చెప్పి చూసుకోండి. మనసులో అనుకోవడం లెక్కలోకి రాదు. తేదీలు, దరఖాస్తు నంబరు ఒక చిన్న కాగితం మీద రాసుకుని చేతిలో ఉంచుకోండి. కాగితం చూడటం తప్పేమీ కాదు. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోకుండా కదలకండి.

సభలో ఎదురయ్యేవి

మైకుని నోటికి జానెడు లోపు పట్టుకోండి. దూరంగా పట్టుకుని అరిస్తే కీచుమంటుంది, మాట వినపడదు. లేచాక వెంటనే మొదలుపెట్టకండి. ఒకసారి ఊపిరి మెల్లగా పూర్తిగా వదలండి, తీసుకున్నదాని కన్నా వదిలేది ఎక్కువసేపు ఉండాలి. గుండె దడ కొంచెం తగ్గుతుంది. అందరినీ చూడటం కష్టమైతే మీ సంఘం అక్క ఎక్కడ కూర్చుందో చూసుకుని ఆమెకు చెబుతున్నట్టు చెప్పండి. ముందే మాట్లాడుకుని ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

మాట్లాడుతూ కన్నీళ్లు వస్తే ఆగండి, తుడుచుకుని మళ్లీ అక్కడి నుంచే చెప్పండి. ఏడవడం వల్ల మీ మాట చెల్లకుండా పోదు. మధ్యలో ఆపేస్తేనే పోతుంది.

ఎవరో ఒక పెద్దమనిషి "నీకేం తెలుసమ్మా, కూర్చో" అంటాడు. సర్పంచ్ ఆడమనిషి అయినా ఆమె కుర్చీ పక్కనే ఆమె భర్త నిలబడి జవాబులు చెబుతుంటాడు. అక్కడ గొడవ పడితే మన కాలువ సంగతి మరుగున పడి గొడవే సభ అవుతుంది. "అన్నా, నాది ఇంకో రెండు మాటలుంది, చెప్పి కూర్చుంటాను" అని గొంతు పెంచకుండా అనండి, ఆగకుండా చెప్పండి. సర్పంచ్ అమ్మ వైపే చూసి, ఆమెనే "సర్పంచ్ గారూ" అని పిలిచి అడగండి. జవాబు ఎవరు చెప్పాలో అందరికీ అర్థమవుతుంది. ఒంటరిగా కన్నా నలుగురు కలిసి వెళ్తే మేలు. ఒకరి మాట ఆపితే రెండో అక్క లేచి "ఆమె చెప్పింది పూర్తి కాలేదండీ" అంటే చాలు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. మాట్లాడి కూర్చోగానే పని అయిపోలేదు. "సెక్రటరీ గారూ, ఇది రాసుకున్నారా? ఒకసారి చదివి వినిపిస్తారా?" అని అడగండి. తీర్మానంలో మీ వీధి పేరు, పని పేరు ఉన్నాయో లేదో చెవులారా విన్నాకే సంతకం పెట్టండి. మాట్లాడటం బాగా వచ్చిన వాళ్లు కూడా చాలామంది ఇక్కడే మోసపోతున్నారు.

శిక్షణకు పేరు ఇచ్చిన తేదీ సంఘం పుస్తకం చివరి పేజీలో రాయించుకోండి. నెల దాటినా పిలుపు రాకపోతే మండల సమాఖ్య మీటింగులో లేచి అడగండి: ఎవరు, ఏ తేదీన పేరు ఇచ్చారు, ఎవరిని కలిశారు, బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో ఎవరు చెప్పాలి. ఒక్క నిమిషం చాలు.